స్మెథిక్ నియోజకవర్గం 1918–1974: ఏడుగురు ఎంపీలు, 17 ఎన్నికలు, అసలు అంకెలు

#1 ఓట్లలెక్క

బ్రిటన్ ఎన్నికల మీద తెలుగులో ఏ చర్చ జరిగినా స్మెథిక్ పేరు 1964తో మొదలై 1964తోనే ఆగిపోతుంది. వలసల మీద వ్యతిరేకతను ఆసరా చేసుకుని కన్జర్వేటివ్ అభ్యర్థి పీటర్ గ్రిఫిత్స్ గెలిచారు, విదేశాంగ మంత్రి కావలసిన ప్యాట్రిక్ గోర్డన్ వాకర్ ఓడిపోయారు. అందరూ చెప్పేది ఇంతే. ఆ సీటుకు 56 ఏళ్ల చరిత్ర ఉంది. అది తెలియకుండా ఆ ఒక్క ఫలితాన్నే పట్టుకుంటే 1964 కూడా తప్పుగానే అర్థమవుతుంది.

ముందు మొత్తం లెక్క. 1918 నుంచి 1970 వరకు 15 సాధారణ ఎన్నికలు, 1926లోనూ 1945లోనూ ఒక్కో ఉప ఎన్నిక, వెరసి 17. అందులో 14 సార్లు లేబర్ గెలిచింది. కన్జర్వేటివ్‌లకు దక్కినవి 1931, 1935, 1964 మాత్రమే. ఎంపీల వరస: జాన్ డేవిసన్ 1926 దాకా, ఆస్వాల్డ్ మోస్లీ 1931 దాకా, రాయ్ వైజ్ 1945 దాకా, ఆల్ఫ్రెడ్ డాబ్స్ ఒకే ఒక్క రోజు, గోర్డన్ వాకర్ 1945 నుంచి 1964, గ్రిఫిత్స్ 1966 దాకా, ఆపైన సీటు రద్దయ్యే వరకు ఆండ్రూ ఫాల్డ్స్.

ఈ వరసలో ఎవరి మీద ఎవరికి గట్టిగా తెలిస్తే వారు రాయండి. ఓట్ల సంఖ్యలు ఇచ్చేటప్పుడు దయచేసి శాతాలొక్కటే కాకుండా అసలు ఓట్లు కూడా ఇవ్వండి.

#2 పాతపటాలు

సరిహద్దులతో మొదలుపెడతాను. పట్టికలు తయారుచేసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

1918 ప్రజాప్రాతినిధ్య చట్టంతో స్మెథిక్ విడి నియోజకవర్గం అయింది. అంతకుముందు ఆ ఊరు స్టాఫర్డ్‌షైర్‌లోని హ్యాండ్స్‌వర్త్ నియోజకవర్గంలో ఉండేది. స్మెథిక్ కౌంటీ బరో (కౌంటీ కింద కాకుండా సొంత పాలన ఉన్న పట్టణం) హద్దే నియోజకవర్గం హద్దు. ఊరంతా ఒకే సీటు కాబట్టి మునిసిపల్ ఫలితాలను, పార్లమెంటు ఫలితాలను పక్కపక్కన పెట్టి చదువుకోవచ్చు. పరిశోధన చేసేవాళ్లకు ఇంత సౌకర్యం అన్నిచోట్లా దొరకదు.

చిక్కు 1966లో వచ్చింది. ఆ ఏడాది స్మెథిక్, ఓల్డ్‌బరీ, రౌలీ రెజిస్ కలిపి వార్లీ అనే కొత్త కౌంటీ బరో చేశారు. దాన్ని వూస్టర్‌షైర్‌లో చేర్చారు. అంటే పాలనపరంగా స్మెథిక్ బరో లేదు, జిల్లా కూడా మారింది. నియోజకవర్గం మాత్రం పాత హద్దులతో, పాత పేరుతో 1974 ఫిబ్రవరి దాకా నడిచింది. 1970 ఎన్నికను కొందరు వార్లీ కింద వేస్తారు. అది తప్పు, 1970లో ఓటు పడింది స్మెథిక్ సీటుకే. 1974 ఫిబ్రవరిలో వార్లీ ఈస్ట్, వార్లీ వెస్ట్ వచ్చాయి. స్మెథిక్ ఎక్కువ భాగం ఈస్ట్‌లోకి పోయింది. ఆ ఏప్రిల్ 1న శాండ్‌వెల్ అనే కొత్త బరో ఏర్పడి ఊరు వెస్ట్ మిడ్‌ల్యాండ్స్‌కు చేరింది. ఎనిమిదేళ్లలో మూడు కౌంటీలు.

ఊరి స్వరూపం కూడా మనసులో పెట్టుకోవాలి. బర్మింగ్‌హామ్‌ను ఆనుకున్న ఫ్యాక్టరీల ఊరు ఇది. బౌల్టన్, వాట్‌లు 1796లో తెరిచిన సోహో ఫౌండ్రీ ఇక్కడే. గాజుకు ఛాన్స్ బ్రదర్స్, మరలకు జీకేఎన్, ఇంజన్లకు టాంజీస్, పోతపనికి బర్మిడ్, బీరుకు కేప్ హిల్‌లో మిచెల్స్ అండ్ బట్లర్స్. ఓటరు ఎవరంటే ఫౌండ్రీ కార్మికుడు, అతని ఇంటివాళ్లు.

#3 వరంగల్‌రీడర్

1918లో ఇక్కడ పోటీ చేసింది స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడిన ఎమెలిన్ పాంక్‌హర్స్టా, ఆమె కూతురా? రెండు రకాలుగానూ చదివాను.

#4 పత్రికలపెట్టె

కూతురేనండీ, క్రిస్టబెల్ పాంక్‌హర్స్ట్. తల్లి ప్రచారానికి వచ్చారు, పోటీ చేయలేదు.

స్త్రీలు పార్లమెంటుకు పోటీ చేయవచ్చన్న చట్టం 1918 నవంబరు 21న వచ్చింది. పోలింగు డిసెంబరు 14న. మధ్యలో మూడు వారాలే గడువు. అయినా దేశమంతటా 17 మంది స్త్రీలు నిలబడ్డారు. క్రిస్టబెల్ సొంతంగా పెట్టుకున్న విమెన్స్ పార్టీ తరఫున దిగారు. లాయిడ్ జార్జ్, బోనర్ లా సంతకాలతో సంకీర్ణ ప్రభుత్వం తన అభ్యర్థులకు ఇచ్చిన మద్దతు ఉత్తరాన్ని అప్పట్లో కూపన్ అనేవారు. అది దొరికిన మహిళా అభ్యర్థి ఈమె ఒక్కరే. ఆమెకు దారి ఇవ్వడానికి కన్జర్వేటివ్ అభ్యర్థి మేజర్ థాంప్సన్ తప్పుకున్నారు. దాంతో ముఖాముఖి పోటీ.

లెక్కింపు డిసెంబరు 28న. పరాయి దేశాల్లో ఉన్న సైనికుల ఓట్లు రావాలని రెండు వారాలు ఆపారు. డేవిసన్ 9,389, క్రిస్టబెల్ 8,614. తేడా 775.

ఆ 17 మందిలో గెలిచింది డబ్లిన్‌లో కాన్‌స్టన్స్ మార్కీవిచ్ ఒక్కరే, ఆవిడ సభలో కూర్చోలేదు. అంటే స్మెథిక్‌లో ఇంకో 388 మంది అటునుంచి ఇటు మారి ఉంటే వెస్ట్‌మినిస్టర్‌లో అడుగుపెట్టిన తొలి మహిళ క్రిస్టబెల్ అయ్యేవారు. ఆ గౌరవం ఏడాది తర్వాత ప్లిమత్ సటన్‌లో నాన్సీ ఆస్టర్‌కు దక్కింది.

#5 ఓట్లలెక్క

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. స్త్రీలకు ఓటు వచ్చింది కాబట్టి స్త్రీ అభ్యర్థికి లాభించి ఉంటుందని అనుకుంటాం. 1918 చట్టం ఓటు ఇచ్చింది 30 ఏళ్లు నిండిన స్త్రీలకు, అదీ తనకో భర్తకో ఇల్లు, ఆస్తి తాలూకు అర్హత ఉంటేనే. ఫౌండ్రీల్లో, మందుగుండు కర్మాగారాల్లో యుద్ధకాలమంతా పనిచేసిన పాతికేళ్ల అమ్మాయికి ఓటు లేదు. ఆమె పక్కనే పనిచేసిన 21 ఏళ్ల కుర్రాడికి మాత్రం వచ్చింది. డేవిసన్ పోత కార్మికుల సంఘం మనిషి, ఆ సంఘం బలం ఆయన వెనక ఉంది. ఈ రెండూ కలిపి చూస్తే 775 తేడా చిన్నదే అనిపిస్తుంది.

#6 కృష్ణాతీరం

మోస్లీ విషయానికి వస్తే, స్మెథిక్ ఒక ఫాసిస్టును ఎన్నుకుందని చాలాచోట్ల రాస్తున్నారు. తేదీలు చూసుకుంటే ఆ మాట నిలబడదు.

మోస్లీ 1918లో హారో నుంచి కన్జర్వేటివ్‌గా గెలిచారు. తర్వాత ఇండిపెండెంటు, 1924లో లేబర్. అదే ఏడాది బర్మింగ్‌హామ్ లేడీవుడ్‌లో నెవిల్ చాంబర్లేన్ చేతిలో 77 ఓట్లతో ఓడారు. 1926లో డేవిసన్ రాజీనామాతో స్మెథిక్ ఖాళీ అయింది. డిసెంబరు 21న పోలింగు. మోస్లీ 16,077, కన్జర్వేటివ్ పైక్ 9,495, లిబరల్ బేలిస్ 2,600. మెజారిటీ 6,582. జనరల్ స్ట్రైక్, అంటే దేశవ్యాప్త సమ్మె, జరిగిన సంవత్సరం అది. బొగ్గు గనుల కార్మికుల పోరాటం అప్పుడే ఓటమితో ముగిసింది. ఆయన జమీందారీ కుటుంబాన్నీ డబ్బునూ పత్రికలు ఎంత ఎత్తిచూపినా కార్మిక వాడల్లో ఓటు చెక్కుచెదరలేదు.

1929లో మళ్లీ గెలిచి రామ్సే మెక్‌డొనాల్డ్ ప్రభుత్వంలో చేరారు. నిరుద్యోగం మీద తన పథకాన్ని ఒప్పుకోలేదని 1930 మే నెలలో మంత్రి పదవి వదిలేశారు. 1931 వసంతంలో న్యూ పార్టీ పెట్టారు. ఆ అక్టోబరు ఎన్నికల్లో స్మెథిక్‌లో నిలబడకుండా భార్య సింథియా సీటైన స్టోక్‌కు వెళ్లి, 10,534 ఓట్లతో మూడో స్థానంలో మిగిలారు. ఫాసిస్టు సంఘం పెట్టింది 1932లో. అప్పటికి స్మెథిక్‌తో ఆయనకు సంబంధమే లేదు.

#7 వరంగల్‌రీడర్

లేబర్ టికెట్ మీద గెలిచి సొంత పార్టీ పెడితే సీటు పోలేదా? ఉప ఎన్నిక రాలేదా?

#8 కృష్ణాతీరం

రాలేదండీ. మనకు 1985లో పదో షెడ్యూలు వచ్చింది, పార్టీ మారితే సభ్యత్వం పోయే అవకాశం ఉంది. బ్రిటన్‌లో అలాంటి చట్టం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అక్కడ లెక్క ప్రకారం ఓటు వ్యక్తికి పడింది, పార్టీకి కాదు. అందుకే 1931లో కొన్ని నెలలపాటు స్మెథిక్ న్యూ పార్టీ సీటుగా ఉంది. ఎన్నికల పట్టికల్లో అది కనిపించదు, ఎందుకంటే ఆ పార్టీ అక్కడ గెలిచిన ఎన్నికంటూ లేదు. ఎంపీల జాబితాలో మాత్రం మోస్లీ పేరు పక్కన రెండు పార్టీలు ఉండాలి.

#9 పాతపటాలు

స్మెథిక్‌ను కంచుకోట అనేవాళ్లు 1931–45ను మరిచిపోతారు. లేబర్ ప్రభుత్వం కూలి జాతీయ ప్రభుత్వం వచ్చిన ఊపులో కన్జర్వేటివ్ రాయ్ వైజ్ గెలిచారు. 1935లో లేబర్ చాలాచోట్ల కోలుకున్నా ఇక్కడ కోలుకోలేదు. యుద్ధం వల్ల ఎన్నికలు వాయిదాపడి ఆయన 14 ఏళ్లు కొనసాగారు.

#10 పత్రికలపెట్టె

ఇక 1945. జూలై 5న పోలింగు, సైనికుల ఓట్ల కోసం మళ్లీ మూడు వారాలు ఆగి 26న లెక్కింపు. ఆల్ఫ్రెడ్ డాబ్స్ లేబర్ తరఫున గెలిచారు. పార్టీ జాతీయ కార్యవర్గానికి అధ్యక్షుడిగా చేసిన మనిషి. మర్నాడు, జూలై 27న, కారు ప్రమాదంలో చనిపోయారు. కొత్త పార్లమెంటు ఆగస్టు 1న సమావేశమైంది, అంటే ఆయన ప్రమాణం కూడా చేయలేదు. అయినా ఎంపీల జాబితాలో ఉంటారు. ఫలితం ప్రకటించిన క్షణం నుంచే సభ్యుడు, ప్రమాణం చేయకపోతే సభలో కూర్చోలేరు, అంతే. ఈ తేడా తెలియక కొందరు ఆయన పేరు వదిలేసి ఎంపీలు ఆరుగురే అని రాస్తారు.

అక్టోబరు 1న ఉప ఎన్నికలో గోర్డన్ వాకర్ వచ్చారు. ఆక్స్‌ఫర్డ్ చరిత్ర అధ్యాపకుడు. 1950–51లో కామన్వెల్త్ సంబంధాల మంత్రి.

#11 ఓట్లలెక్క

ఇక్కడి నుంచి అంకెలు జాగ్రత్తగా చూడాలి. గోర్డన్ వాకర్ మెజారిటీ 1951లో 9,727. 1955లో 6,495. 1959లో 3,544. ఎనిమిదేళ్లలో మూడో వంతుకు దిగింది. 1964లో పిడుగు పడ్డట్టు ఓడారని చెప్పడం అందుకే కుదరదు. నేల అప్పటికే జారుతోంది. అయితే ఆ తరుగుదల దేశమంతా లేబర్‌కు జరిగినదే, 1951, 55, 59 మూడూ ఆ పార్టీ ఓడిన ఎన్నికలే. 1964లో దేశం లేబర్ వైపు తిరిగితే స్మెథిక్ ఎదురు తిరిగింది. వింత అక్కడుంది.

1959లో ముఖాముఖి: గోర్డన్ వాకర్ 20,670, గ్రిఫిత్స్ 17,126.

1964లో నలుగురు: గ్రిఫిత్స్ 16,690, గోర్డన్ వాకర్ 14,916, లిబరల్ హ్యూగిల్ 3,172, ఇండిపెండెంటు డేవిస్ 262. మెజారిటీ 1,774.

ఒక్కసారి గ్రిఫిత్స్ వరస చూడండి. ఓడినప్పుడు 17,126. గెలిచినప్పుడు 16,690. అంటే 436 ఓట్లు తగ్గి గెలిచారు. జనం ఆయన వెనక వెల్లువెత్తారని రాసేవాళ్లంతా ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి. లేబర్ పోగొట్టుకున్నవి 5,754.

#12 కృష్ణాతీరం

మరి 7.2 శాతం స్వింగ్ అని అన్నిచోట్లా ఉంటుంది కదా, అది ఎలా తేల్చారు?

#13 ఓట్లలెక్క

చేసి చూపిస్తాను, ఏ నియోజకవర్గానికైనా ఇదే పద్ధతి.

ముందు పోలై చెల్లిన ఓట్ల మొత్తం. 1959లో 37,796. 1964లో 35,040. తర్వాత శాతాలు. కన్జర్వేటివ్ 45.31 నుంచి 47.63కు పెరిగింది, అంటే 2.32 ఎక్కువ. లేబర్ 54.69 నుంచి 42.57కు పడింది, 12.12 తక్కువ. ఒకరి లాభం, ఇంకొకరి నష్టం కలిపి రెండుతో భాగిస్తే 7.22. అదే ఆ 7.2.

దేశవ్యాప్తంగా అదే రోజు సుమారు 3 శాతం లేబర్ వైపు వీచింది. అంటే సగటుతో పోలిస్తే స్మెథిక్‌లో తేడా 10 శాతం దాటింది.

ఈ పద్ధతిలో ఒక బలహీనత ఉంది. 1959లో లిబరల్ అభ్యర్థి లేరు, 1964లో ఉన్నారు. కొత్త అభ్యర్థి వస్తే శాతాల పునాదే మారిపోతుంది. కాబట్టి రెండు పెద్ద పార్టీల ఓట్లనే వంద అనుకుని ఇంకో లెక్క వేస్తారు. 1964లో ఆ ఇద్దరివీ కలిపి 31,606, అందులో గ్రిఫిత్స్ వాటా 52.81. ముఖాముఖిగా జరిగిన 1959లో 45.31. తేడా 7.5. ఫలానా పుస్తకంలో 7.2, ఇంకోచోట 7.5 అని కనిపిస్తే కంగారుపడనక్కర్లేదు, రెండూ సరైనవే. ఒక వ్యాసంలో రెండు పద్ధతులూ కలిపేస్తేనే లెక్క చెడుతుంది.

#14 గోదావరిగట్టు

ఓట్లలెక్క గారూ, ఒక అభ్యంతరం. 436 తగ్గాయి కాబట్టి వెల్లువ లేదనడం తొందరపాటు. లేబర్ నుంచి కొన్ని వేలు గ్రిఫిత్స్‌కు వచ్చి, ఆయన పాత ఓట్లు అన్నే లిబరల్‌కు పోయి ఉండవచ్చు. నికరంగా తగ్గినంత మాత్రాన మార్పిడి జరగలేదని ఎలా అంటాం? రహస్య ఓటింగులో మనకు కనిపించేది చివరి మొత్తాలే.

ఇంకో సంగతి. పోలైన ఓట్లే 2,756 తగ్గాయి. అయిదేళ్లు గడిచిన ఊళ్లో పాత ఓటర్లే ఉన్నారనీ అనుకోలేం. పాత ఇళ్లు కూలగొట్టి జనాన్ని వేరేచోట్లకు తరలిస్తున్న కాలం.

#15 ఓట్లలెక్క

మీరన్నది నిజం, ఎవరు ఎటు మారారో ఈ అంకెలు చెప్పవు. ఇవి చెప్పేది ఒక్కటే: గెలుపుకు కారణంగా గ్రిఫిత్స్ మొత్తం పెరగడం కాదు, గోర్డన్ వాకర్ మొత్తం కూలడం కనిపిస్తోంది. కొందరు ఇల్లు కదల్లేదు, కొందరు లిబరల్‌కు వేశారు, కొందరు నేరుగా అటు వేశారు. ఏ వాటా ఎంతన్నది ఆనాటి సర్వేలే చెప్పాలి.

#16 పత్రికలపెట్టె

ఆ కూలడం వెనక సంగతులు చెప్పకపోతే చర్చ ఉత్త లెక్కల పుస్తకం అవుతుంది.

యుద్ధం తర్వాత ఫౌండ్రీల్లో పనివాళ్ల కొరత. వేడి, దుమ్ము, రాత్రి షిఫ్టులు. ఆ పనికి స్థానికులు ముందుకు రాకపోతే పంజాబ్ నుంచి, కరీబియన్ నుంచి వచ్చినవాళ్లు చేశారు. ఊరు జనాభా 68 వేల దాకా. కౌన్సిల్ ఇళ్ల (ఊరి కౌన్సిల్ అద్దెకిచ్చే ఇళ్ల) కోసం వేలాది కుటుంబాలు ఏళ్ల తరబడి వరసలో ఉన్నాయి. ఇళ్ల కొరతకు కొత్తగా వచ్చినవాళ్లే కారణమనే ప్రచారం అక్కడ పుట్టింది. నిజానికి వాళ్లకు కౌన్సిల్ ఇళ్లు దక్కలేదు. పాత ఇళ్లలో గదికి నలుగురైదుగురు సర్దుకున్నారు. అలా ఇరుక్కుని ఉండడాన్నే మళ్లీ వాళ్ల నేరంగా చూపించారు.

గ్రిఫిత్స్ ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు, కౌన్సిల్‌లో కన్జర్వేటివ్‌ల నాయకుడు. రోజూ ఊళ్లో కనిపించే మనిషి. గోర్డన్ వాకర్ కాపురం లండన్‌లో. పైగా 1961లో వలస నియంత్రణ బిల్లును పార్లమెంటులో లేబర్ తరఫున గట్టిగా ఎదిరించింది ఆయనే. ఊరి గోడల మీదా కరపత్రాల్లోనూ పచ్చి జాతివిద్వేష నినాదం ఒకటి తిరిగింది. దాన్ని ఖండించమని పత్రికలు అడిగితే, అది జనాభిప్రాయం, అన్నవాళ్లను తప్పుపట్టనన్నట్టు గ్రిఫిత్స్ మాట్లాడారు.

లేబర్ కూడా కడిగిన ముత్యం కాదు. ఊళ్లో పబ్బుల్లో నల్లవారికీ, భారతీయులకూ వేరే గది లేదా ప్రవేశమే లేదు. లేబర్ క్లబ్బులోనూ ఆ వివక్ష ఉండేది. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ వాళ్లు పబ్బుల్లోకి వెళ్లి కూర్చుని నిరసన తెలిపి, లైసెన్సుల పునరుద్ధరణకు అభ్యంతరాలు పెట్టి, ఏళ్ల తరబడి పోరాడారు. 1965 ఫిబ్రవరి 12న అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్ స్మెథిక్ మార్షల్ స్ట్రీట్‌లో నడిచారు. ఆ వీధిలో అమ్మకానికి వచ్చిన ఇళ్లను కౌన్సిలే కొని తెల్లవారికే అద్దెకివ్వాలని పథకం వేసింది. దానికి కావలసిన అప్పుకు గృహనిర్మాణ మంత్రి రిచర్డ్ క్రాస్‌మన్ అనుమతి ఇవ్వలేదు, పథకం ఆగింది. మాల్కమ్ ఎక్స్ తొమ్మిది రోజుల తర్వాత న్యూయార్క్‌లో హత్యకు గురయ్యారు.

#17 గోదావరిగట్టు

1964 ఎన్నికల రోజున స్మెథిక్ ఒంటరి కాదని కూడా చెప్పాలి. పక్కనే బర్మింగ్‌హామ్ పెరీ బార్‌ను కన్జర్వేటివ్‌లు లేబర్ నుంచి లాక్కున్నారు. ఈటన్ అండ్ స్లౌలో ఫెన్నర్ బ్రాక్‌వే 11 ఓట్లతో ఓడారు. భారత స్వాతంత్ర్యం కోసం జీవితమంతా వాదించిన మనిషి, జాతివివక్షను నిషేధించాలని సభలో మళ్లీ మళ్లీ బిల్లు పెట్టినవారు. దేశమంతా లేబర్ గెలుస్తున్న రోజున ఆయన ఓడిపోవడం స్మెథిక్ కంటే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

#18 వరంగల్‌రీడర్

పంజాబీ కార్మికులు ఓటర్లే కదా? వాళ్ల ఓట్లు గోర్డన్ వాకర్‌ను ఎందుకు కాపాడలేదు?

#19 పాతపటాలు

ఓటు హక్కు ఉంది, జాబితాలో పేరు ఉందా అన్నది వేరే ప్రశ్న. కామన్వెల్త్ పౌరులు బ్రిటన్‌లో నివాసం ఉంటే ఓటు వేయవచ్చు, అప్పుడూ ఇప్పుడూ. అయితే ఆ రోజుల్లో జాబితా ఏడాదికి ఒక్కసారే తయారయ్యేది. అక్టోబరు 10న ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో ఆ చిరునామాతో పేరు ఎక్కుతుంది. ఆ జాబితా మరుసటి ఫిబ్రవరి 16న అమల్లోకి వచ్చి ఏడాదంతా నడుస్తుంది. 1964 అక్టోబరు 15న వాడింది 1963 అక్టోబరు 10 నాటి జాబితా, అంటే ఏడాది పాతది. ఆ తేదీ తర్వాత వచ్చినవాడికి ఓటు లేదు. ఇల్లు మారినవాడు పాత చిరునామా మీదే వేయాలి. అద్దె గదులు మారుతూ, షిఫ్టుల్లో పనిచేస్తూ, ఇంగ్లీషు ఫారం ఎవరైనా నింపిపెడితే తప్ప నింపలేని మనిషి జాబితాలోంచి జారిపోవడం ఎంత తేలికో ఊహించుకోండి.

బ్యాలెట్ పత్రం సంగతి కూడా చాలామందికి తెలియదు. 1964లో దాని మీద పార్టీ పేరు ఉండదు. అభ్యర్థి పేరు, చిరునామా, వృత్తి, అంతే. పార్టీ పేరు రాసుకునే వీలు 1969 చట్టంతో వచ్చింది, 1970లో మొదటిసారి వాడారు. స్మెథిక్ సీటు చరిత్రలో పార్టీ పేర్లతో బ్యాలెట్ పడిన సాధారణ ఎన్నిక ఆ చివరిదొక్కటే. 18 ఏళ్లవారికి ఓటు ఉన్నదీ అదొక్కటే. మనకు 1952లోనే గుర్తులు అంటించిన పెట్టెలు పెట్టారు, చదువురానివాళ్లు కూడా ఎవరికి వేస్తున్నారో చూసుకుని వేశారు.

#20 కృష్ణాతీరం

ఓడిన గోర్డన్ వాకర్‌ను విదేశాంగ మంత్రిని ఎలా చేశారన్నది అందరికీ వచ్చే సందేహం. చట్టం అడ్డురాదు. మంత్రి ఏదో ఒక సభలో ఉండాలన్నది బ్రిటన్‌లో సంప్రదాయమే, మన రాజ్యాంగంలో ఉన్నట్టు ఆరు నెలల గడువు ఏమీ లేదు. ప్రధాని హెరాల్డ్ విల్సన్ ఆయన్ని మంత్రివర్గంలోకి తీసుకుని, తూర్పు లండన్‌లో లేటన్ సీటు ఖాళీ చేయించారు. అక్కడి ఎంపీ రెజినాల్డ్ సోరెన్సన్‌కు ప్రభువుల సభలో స్థానం ఇచ్చారు. ఈయనా భారత స్వాతంత్ర్యానికి అండగా నిలిచినవారే. సోరెన్సన్‌కు 1964లో 7,926 మెజారిటీ.

1965 జనవరి 21న లేటన్ ఉప ఎన్నిక. కన్జర్వేటివ్ బక్స్టన్ 16,544, గోర్డన్ వాకర్ 16,339. 205 తేడాతో మళ్లీ ఓటమి. మర్నాడే రాజీనామా, ఆయన స్థానంలో మైకేల్ స్టువర్ట్. నాలుగు సీట్ల ఆధిక్యంతో నడుస్తున్న ప్రభుత్వానికి అది చిన్న దెబ్బ కాదు.

మన దగ్గర పీవీ నరసింహారావు గారు 1991 జూన్‌లో ఏ సభలోనూ లేకుండా ప్రధాని అయ్యారు, నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో లక్షల మెజారిటీతో వచ్చారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం పోటీయే పెట్టలేదు. లేటన్‌లో జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. తమ ఎంపీని బలవంతంగా పైకి పంపి, ఇంకో ఊరు వద్దన్న మనిషిని తెచ్చి తమ నెత్తిన పెట్టారని ఓటర్లకు కోపం.

#21 వరంగల్‌రీడర్

స్మెథిక్‌లో లిబరల్‌కు 3,172 వచ్చాయి. డిపాజిట్ దక్కిందా?

#22 ఓట్లలెక్క

దక్కలేదు. అప్పటి నిబంధన 150 పౌండ్లు, పోలై చెల్లిన ఓట్లలో ఎనిమిదో వంతు దాటాలి. 35,040లో ఎనిమిదో వంతు 4,380. హ్యూగిల్‌కు వచ్చింది 9.05 శాతమే. 1926లో బేలిస్‌దీ అదే కథ: 28,172లో ఎనిమిదో వంతు 3,521 దాటుతుంది, ఆయనకు 2,600. మన దగ్గర ఆరో వంతు కాబట్టి మనవాళ్లు అదే గీత అక్కడా పెట్టి చూస్తారు, అది తప్పు. 1985 నుంచి బ్రిటన్‌లో 500 పౌండ్లు, 5 శాతం. పాత ఎన్నికకు కొత్త నిబంధన పెట్టినా లెక్క తారుమారవుతుంది.

#23 పత్రికలపెట్టె

1964 నవంబరులో విల్సన్ సభలోనే గ్రిఫిత్స్‌ను ఉద్దేశించి, మళ్లీ ఎన్నికలు జరిగేదాకా పార్లమెంటులో కుష్ఠురోగిలా వెలివేసినట్టు ఉంటారన్న అర్థంలో మాట్లాడారు. సభలో పెద్ద గొడవ. ఆ పోలిక వాడకుండా ఉండాల్సింది. జోస్యం మాత్రం ఫలించింది. 1966 మార్చి 31న నటుడు ఆండ్రూ ఫాల్డ్స్ లేబర్ తరఫున 18,440 ఓట్లతో గెలిచారు. గ్రిఫిత్స్‌కు 14,950. మెజారిటీ 3,490.

#24 ఓట్లలెక్క

రెండు పార్టీల లెక్కలో ఇది లేబర్ వైపు 8 శాతం స్వింగ్. దేశంలో ఆ రోజు 3 శాతం లోపే. 1964లో పోయిన 7.5 ఒక్క దెబ్బతో తిరిగొచ్చి, ఇంకాస్త మిగిలింది.

అసలు ఓట్లు చూస్తే కథ ఇంకోలా ఉంటుంది. ఫాల్డ్స్ 18,440 తెచ్చుకున్నా, గోర్డన్ వాకర్ 1959 సంఖ్యకు 2,230 తక్కువే. గ్రిఫిత్స్ మూడు ఎన్నికలూ వరసగా పెట్టండి: 17,126, 16,690, 14,950. ప్రతిసారీ తగ్గుదలే. మధ్యలో ఒకసారి గెలుపు.

#25 గోదావరిగట్టు

ఆ వరసే ఈ చర్చలో నాకు దొరికిన అసలు వస్తువు. ఒక చేర్పు: ఇందుకు విరుగుడుగా లేబర్ ప్రభుత్వం ఏం చేసిందో కూడా రాసుకోవాలి. 1965లో బహిరంగ స్థలాల్లో జాతివివక్షను నిషేధిస్తూ తొలి చట్టం తెచ్చింది. అదే ఏడాది ఆగస్టులో వలస వోచర్ల (పని కోసం వచ్చేవాళ్లకిచ్చే అనుమతి పత్రాల) సంఖ్యను ఇంకా కుదించింది. వలస నియంత్రణను ఎదిరించిన పార్టీ నాలుగేళ్లలో దాన్నే బిగించింది. స్మెథిక్ ప్రభావం 1,774 మెజారిటీతో పోల్చలేనంత దూరం పోయింది.

#26 లీడ్స్‌తెలుగు

యూకేలో ఉన్న మనవాళ్ల కోసం ఒక మాట. పైన పాతపటాలు గారు చెప్పిన కామన్వెల్త్ నిబంధన ఇప్పటికీ ఉంది. భారత పాస్‌పోర్టుతో, చెల్లుబాటయ్యే వీసా మీద అక్కడ ఉంటున్న 18 ఏళ్లు నిండినవారు, విద్యార్థులతో సహా, పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి, పోలింగుకు 12 పనిదినాల ముందు గడువు ముగుస్తుంది. ఇల్లు మారితే మళ్లీ నమోదు తప్పనిసరి, పాత చిరునామా మీద ఉంటే పోలింగు కేంద్రం దూరమై ఓటు పోతుంది. 2023 నుంచి ఫొటో గుర్తింపు కూడా కావాలి.

#27 వరంగల్‌రీడర్

2024 ఫలితాల్లో స్మెథిక్ అని చూశాను. రద్దయిన సీటు మళ్లీ ఎలా వచ్చింది?

#28 పాతపటాలు

పేరు వచ్చింది, పాత సీటు కాదు. వార్లీ ఈస్ట్ నుంచి ఫాల్డ్స్ 1997 దాకా కొనసాగారు. అంటే స్మెథిక్‌తో కలిపి ఒకే ప్రాంతానికి 31 ఏళ్లు. 1997లో సరిహద్దులు మారి వార్లీ అనే సీటు వచ్చింది, జాన్ స్పెల్లర్ 2024 దాకా ఎంపీ. తాజా పునర్విభజనలో దాన్నే కాస్త మార్చి స్మెథిక్ అన్నారు. 2024లో లేబర్ తరఫున గురిందర్ సింగ్ జోసన్ గెలిచారు.

పట్టికలు చేసేవాళ్లు రెండు స్మెథిక్‌లనూ ఒకే వరసలో పెట్టకండి. 1918–1974ది పాత కౌంటీ బరో హద్దు. 2024ది శాండ్‌వెల్ వార్డులతో కట్టినది, పాత ఊరి బయటి ప్రాంతాలు కూడా అందులో ఉన్నాయి. 1970 నుంచి 2024కు స్వింగ్ వేస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు. వేరువేరు పట్టికలు పెట్టి, మధ్యలో వార్లీ ఈస్ట్, వార్లీ ఉంచితే చాలు.